మూత లేని బ్రేకు

తెనాలిలో అబ్దుల్ షుకూర్ ముందు డిస్క్ బ్రేకు అన్న మాట ఎత్తకూడదు. ఎత్తారా, చేతిలో టీ చల్లారిపోతుంది, వచ్చిన పని మూలపడుతుంది, మీ బండి సంగతి సాయంత్రం దాకా ఎవరూ పట్టించుకోరు. ఆయన దృష్టిలో బ్రేకులు రెండే రకాలు: మర్యాదగలవి, మర్యాద లేనివి. డ్రమ్ము మర్యాదగల బ్రేకు. ఇనప డబ్బాలో రెండు షూలు ఒద్దికగా కూర్చుని ఉంటాయి. అవసరం పడ్డప్పుడు విచ్చుకుని డబ్బా గోడని లోపలినుంచే పట్టి ఆపుతాయి. పని కాగానే మళ్ళీ ముడుచుకుంటాయి. లోపల ఏం జరిగిందో రోడ్డు మీద పోయేవాడికి తెలీదు. డిస్కు అలా కాదు. ఇనప పళ్ళెం ఒకటి చక్రంతో పాటు బాహాటంగా తిరుగుతుంటే, రెండు దవడలు దాన్ని అటూ ఇటూ కరిచి పట్టుకుంటాయి.

"నడిబజార్లో ఒంటిమీద గుడ్డ లేకుండా తిరిగే బ్రేకు. సంసారుల బండికి పెట్టేదేనా అది?" అంటాడు షుకూర్.

బుర్రిపాలెం రోడ్డులో ఆయన షెడ్డు బోర్డు మీద 'షుకూర్ బ్రేక్ వర్క్స్' అని, దాని కింద 'డ్రమ్ములకు ప్రత్యేకం' అని రాసి ఉంటుంది. ఇంత పట్టుదల గల మనిషికి దేవుడు ఒక్కగానొక్క కూతుర్నిచ్చి, ఆ పిల్ల తలలో డిస్క్ బ్రేకులు పెట్టాడు. ముబీనా గుంటూరులో ఆటోమొబైల్ డిప్లొమా చేసింది. చదువయ్యాక ఏ షోరూములోనో ఏసీ కింద కూర్చుంటుందనుకుంటే, తిన్నగా షెడ్డుకొచ్చి పానా పట్టుకుంది. ఆ పిల్ల పనితనం చూసి షుకూర్ లోలోపల పొంగిపోతుంటాడు. పైకి మాత్రం, "నట్టు బిగించడం వచ్చింది, ఇక బుద్ధి రావాలి," అంటుంటాడు.

గొడవంతా నాగజ్యోతి టిఫిన్ బండితో మొదలైంది. నాగజ్యోతిది బాపట్ల. శని, ఆదివారాల్లో సూర్యలంక బీచిలో బండి పెడుతుంది. ఊళ్ళ నుంచి వచ్చిన జనం సముద్రంలో మునిగి లేచి నేరుగా ఆమె పునుగుల మీద పడతారు. పొయ్యి, గ్యాసు, పిండి గిన్నెలు, మూకుడు అన్నీ ఒక చిన్న ట్రైలర్లో అమర్చి ఉంటాయి. దాన్ని పాత జీపుకి తగిలించి తనే నడుపుకుంటూ పోతుంది. ఆ ట్రైలర్ కట్టిందీ, దానికి డ్రమ్ములు బిగించిందీ షుకూరే.

ట్రైలర్‌కి సొంత పెడల్ ఉండదు. ముందు జీపు ఆగినప్పుడు వెనకది తన బరువుతో ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపుడుకే కొక్కెం దగ్గరున్న చిన్న పంపు నొక్కుకుని, బ్రేక్ ఆయిలు గొట్టాల్లోంచి చక్రాల దగ్గరికి పోయి బ్రేకు పడుతుంది. పడాలి. ఈ మధ్య పడటం లేదని నాగజ్యోతి ఫిర్యాదు.

"బాబాయ్, నేను ఆగుతున్నా, మీ ట్రైలర్ ఆగట్లేదు," అంది జీపు దిగుతూనే. "నువ్వాగితే ఆగు, నాకేంటి అన్నట్టు వెనక నుంచి తోస్తోంది. మొన్న బాపట్ల స్టేషన్ దగ్గర ఒకాయన స్కూటర్‌ని పోయి ముద్దెట్టుకున్నా. ఆయన ఇంకా నన్ను అనుమానంగా చూస్తన్నాడు."

డ్రమ్ము విప్పి చూస్తే లోపల సగం సూర్యలంక ఉంది. ఇసక, ఉప్పునీళ్ళ తుప్పు, ఎలా దూరిందో తెలీదు గానీ ఒక చిన్న గవ్వ. డ్రమ్ములోకి చేరిన నీళ్ళు ఒక పట్టాన బయటికి రావు, ఇసక అసలే రాదు. మర్యాదగల బ్రేకు కదా, ఇంటికొచ్చినవాళ్ళని పొమ్మనదు.

ముబీనా ఆ గవ్వని తీసి తండ్రి అరచేతిలో పెట్టింది. "అబ్బా, దీనికి డిస్కులు పెడదాం. నీళ్ళు పడ్డా చక్రం తిరగ్గానే చిమ్మేస్తది. ఇసక నిలవదు."

"నా షెడ్డులోనా?"

"మీ షెడ్డులోనే."

"నేను బతికుండగానా?"

"మీరు చూడకపోతే ఇంకేం సరదా!"

నాగజ్యోతి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వే షుకూర్‌కి ఎక్కడో తగిలింది. గవ్వని చొక్కా జేబులో వేసుకుని లేచి నిలబడ్డాడు.

"సరే, పెట్టు. ఇక్కణ్ణించి బాపట్ల, బాపట్ల నుంచి సూర్యలంక. పిండి, నూనె, గ్యాసు, మొత్తం బరువేసుకుని పోవాలి. దారిలో ఎక్కడా తడబడకుండా ఆగిందా, బోర్డు మీద నా పేరు తీయించి నీ పేరు రాయిస్తా. షెడ్డు నీది. ఆగలేదా, నేనున్నన్నాళ్ళూ డిస్కు అన్న మాట ఇక్కడ వినపడకూడదు. నోరు మూసుకుని డ్రమ్ములే చేసుకోవాలి. నాగజ్యోతమ్మా, నువ్వే సాక్షి."

ముబీనా మొహంలో నవ్వు పోయింది. షెడ్డు తనదవుతుందో, తండ్రి చాటున పానాలు అందించుకుంటూ ఉండిపోవాలో, ఆ ఒక్క బండి తేల్చేస్తుందన్నమాట. ఆ పిల్ల ఎంత భయపడిందో షుకూర్‌కి కనపడింది. కనపడినా, అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయన వంశంలో లేదు.

"మాటేనా అబ్బా?"

"మాటే."

మర్నాటి నుంచి షుకూర్ షెడ్డులో వీపు తిప్పి కూర్చోవడం మొదలుపెట్టాడు. కూతురు చేసే పని చూడనని ఆయన పంతం. చూడడు గానీ వింటాడు. డ్రమ్ములు ఊడదీసిన చప్పుడు విని నిట్టూర్చాడు. వాటి వెనకున్న పళ్ళేలు కూడా ఊడి కింద పడ్డప్పుడు, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగా లేనట్టు మొహం పెట్టాడు. ముబీనా ఒక పాత కారు తాలూకు డిస్కులు, వాటిని పట్టే దవడలు తెచ్చింది. ఇరుసుకి బ్రాకెట్లు వెల్డింగ్ చేయించింది. డిస్కుకి డ్రమ్ము కన్నా గట్టి ఒత్తిడి కావాలని కొక్కెం దగ్గరి పంపు మార్చింది. అన్నీ అయ్యాక గొప్పకి పోయి ఒక పని చేసింది. లోపల డిస్కులు మెరుస్తుంటే లోకమంతా చూడాలని, పెద్ద పెద్ద కంతలున్న చక్రాలు తెచ్చి బిగించింది. షుకూర్ వీపు తిప్పి కూర్చున్నా, ఆ మెరుపు ఎదుటి గోడ మీదున్న అద్దంలో కనపడి ఆయన్ని వేధించింది.

మధ్యలో ఒక ముచ్చట జరిగింది. ట్రైలర్ని జీపుకి తగిలించి వెనక్కి తోయబోతే అది కదలలేదు. వెనక్కి తోసినా ట్రైలర్‌కి అదీ ఒక తోపుడే కదా, బుద్ధిగా బ్రేకు పట్టేసుకుని నిలబడింది. పాత డ్రమ్ముల్లో అయితే వెనక్కి పోయేటప్పుడు వదిలేసే ఏర్పాటు లోపలే ఉండేది. డిస్కుకి అది ఉండదని ముబీనాకి ముందే తెలుసు. అందుకే జీపు రివర్స్ లైటు వెలగ్గానే ఆయిలు దారి మూసేసే వాల్వు ఒకటి పెట్టింది. అయినా బండి కదలదేం? ముబీనా మొహం ఎర్రబడింది. బండి కిందకి దూరింది, బయటికొచ్చింది, మళ్ళీ దూరింది.

ఆ వాల్వు వైరు జీపు వెనక తగిలించకుండా వేలాడుతోందని షుకూర్ ఎప్పుడో అద్దంలో చూశాడు. ఒక్క మాట చెబితే పోయేది. ఆయన చెప్పలేదు. టీ తెప్పించుకుని, బిస్కెట్ ముంచుకుని, ఆ పూటంతా హాయిగా కూర్చున్నాడు. ముబీనాకి చివరికి వైరు చేతికి తగిలింది. అది తగిలించి, బండిని వెనక్కి పోనిచ్చి, తండ్రి వైపు చూసింది.

"మీకు తెలుసు కదా?"

"నేను వీపు తిప్పి కూర్చున్నానే. నాకేం తెలుసు!"

ఇలా పైకి కులాసాగా ఉన్నాడు గానీ, ఇంట్లో అన్నం దగ్గర ముద్ద దిగడం లేదు. పొరపాటున డిస్కులు గెలిస్తే ఎలా అని ఒక దిగులు. పొరపాటున ఓడితే ఎలా అని ఇంకో దిగులు. ఈ రెండో దిగులు ఎందుకొచ్చిందో ఆయనకే అర్థం కాలేదు. ఒకరోజు పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని, "రేపల్లె పోయొస్తా. మీ తమ్ముడికి జ్వరమంట," అన్నాడు భార్యతో.

హుస్సేన్ బీ ఉల్లిపాయలు తరుగుతోంది. "జ్వరమని ఎవరు చెప్పారు?" అంది.

"ఎవరో చెప్పార్లే," అని రైలెక్కేశాడు.

సాయంత్రానికి తిరిగొచ్చాడు. హుస్సేన్ బీ కంచంలో అన్నం పెడుతూ, "తమ్ముడు ఫోన్ చేశాడు. వాడికి జ్వరం లేదంట గానీ, మీకేమన్నా వచ్చిందా అని అడిగాడు. గుమ్మంలోనే నిలబడి మంచినీళ్ళు తాగి, కారు స్పేర్ పార్టుల కొట్టెక్కడరా అని అడిగి పోయారంటగా," అంది.

షుకూర్ ఇంకాస్త పప్పు వడ్డించుకున్నాడు. తెనాలిలో స్పేర్ పార్టుల కొట్లు లేక కాదు, కొన్న సంగతి గంటలో బజారంతా తెలుస్తుందని భయం. కొన్నదేమిటో పెళ్ళానికి కూడా చెప్పలేదు. ఆవిడా రెట్టించలేదు. ఆవిడ రెట్టించకపోతేనే ఎక్కువ భయం ఆయనకి.

అనుకున్న శనివారం వచ్చింది. నాగజ్యోతి జీపు నడుపుతోంది, పక్కన ముబీనా. షుకూర్ వెనక సీట్లో, వెనక్కి తిరిగి, పనిముట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని, ట్రైలర్‌కి ఎదురుగా కూర్చున్నాడు. అది ఎప్పుడు తప్పు చేస్తుందా అని దాన్నే చూస్తున్నాడు. అది చెయ్యలేదు. పొన్నూరు దగ్గర ఒక ఆటోవాడు రోడ్డు మధ్యలో ఉన్నట్టుండి ఆగి, ఎవరితోనో పిచ్చాపాటీ మొదలుపెట్టాడు. నాగజ్యోతి గట్టిగా బ్రేకు వేసింది. జీపు ఆగింది. ట్రైలర్ కూడా వెంటనే ఆగిపోయింది, చిన్న కుదుపు కూడా లేకుండా. షుకూర్ గుండె ఒక్కసారి ఎగిరింది. అది సంతోషమేనని గుర్తుపట్టి, వెంటనే చిరాకు మొహం పెట్టుకున్నాడు.

"ఎట్టా ఉంది బాబాయ్?" అంది నాగజ్యోతి.

"ఖాళీ బండి ఎవడైనా ఆపుతాడు. బరువెక్కాక మాట్లాడు."

బాపట్లలో నాగజ్యోతి ఇంటి ముందు బరువెక్కించారు. పిండి గిన్నెలు, నూనె డబ్బా, గ్యాసు సిలిండరు, బల్ల. కొత్త బ్రేకుతో బీచికి మొదటిసారి పోతోంది కాబట్టి బండికి పూజ చెయ్యాలంది ఆమె అత్తగారు హైమావతి. ముబీనా, నాగజ్యోతి కాఫీ తాగడానికి లోపలికి పోయారు. షుకూర్ అరుగు మీద కూర్చున్నాడు, ఎదురుగా ట్రైలర్.

ఇక్కడ బాపట్ల సంగతి ఒకటి చెప్పాలి. సముద్రం గాలికి ఇనుమనేది ఏదీ నిలవని ఊరు అది. ఇనుము కనపడితే నూనె చెయ్యి తగిలించకుండా ఉండలేరు అక్కడి ఆడవాళ్ళు. గేటు గడియ, కుట్టుమిషను, బావి గిలక, కత్తిపీట, దేనికైనా సరే. హైమావతి ఇంకో మెట్టు పైన ఉంటుంది. పసుపు నీళ్ళతో కలిపితే ఎండి రాలిపోతుందని, పూజ పసుపుని కూడా నువ్వుల నూనెలోనే కలుపుతుంది. అటు పుణ్యం, ఇటు తుప్పు పట్టదు. ఇన్నాళ్ళూ ఆ పసుపు డ్రమ్ము మూత మీద బొట్లుగా ఉండేది, దాని వల్ల ఎవరికీ ఏ హానీ జరగలేదు.

ఆవిడ గిన్నె పట్టుకుని చక్రం దగ్గర వంగి, కంతల్లోంచి లోపలికి చూసి మురిసిపోయింది.

"అన్నయ్యగారూ, ఇదేంటండీ, వెండి కంచంలా మెరిసిపోతోంది!"

"అదేనమ్మా, మా అమ్మాయి పెట్టిన కొత్త బ్రేకు."

"ఎంత బావుందండీ! ఈ గాలికి వదిలేస్తే నాలుగు రోజుల్లో ఎర్రగా అయిపోద్ది పాపం," అంటూ చెయ్యి కంతలోకి పోనిచ్చి, డిస్కు మీద పసుపు నూనె పట్టించడం మొదలుపెట్టింది. పసిబిడ్డకి నలుగు పెట్టినంత శ్రద్ధగా, ఎక్కడా ఖాళీ వదలకుండా రాసింది. అందినంత మేర వెనకవైపు కూడా రాసింది.

షుకూర్ అరుగు మీద నుంచి లేవబోయి ఆగాడు. బ్రేకు పట్టే చోట నూనె పడితే ఏమవుతుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇరుసులోంచి గ్రీజు కారి డ్రమ్ము షూలకి అంటితేనే బండి ఆగదు, ఇక ఇది చేత్తో పూసిన నూనె. ఒక్క మాట చెబితే చాలు. కానీ చెప్పడానికి ఆయనెవరు? ఆవిడ బండి, ఆవిడ పూజ, ఆవిడ నూనె. తను వేలు కూడా పెట్టలేదు. లోపల ఎక్కడో చిన్నపిల్లాడు ఒకడు గంతులేస్తున్నాడు: గెలిచావురా షుకూరూ!

"అన్నయ్యగారూ, రెండోవైపు కూడా రాస్తాను. ఈ గిన్నె కాస్త పట్టుకోండి," అంది హైమావతి.

ఆయన పోయి గిన్నె పట్టుకున్నాడు. అంతటితో, వేలు పెట్టలేదన్న మాట కూడా పోయింది.

హైమావతి బొట్లు పెట్టి, మడ్‌గార్డుల మీద నుంచి చక్రాలకి అడ్డంగా బంతిపూల దండలు వేలాడదీసింది. ముబీనా బయటికొచ్చేసరికి పూలు తప్ప ఇంకేమీ కనపడలేదు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ముబీనా జీపెక్కుతూ తండ్రి వైపు తిరిగి, "ఓడిపోతే ఏడవమాకండబ్బా," అని నవ్వింది. పొద్దుటి నుంచీ ఆ పిల్ల మొహంలో అంత నవ్వు షుకూర్ చూడలేదు.

జీపు సందులోంచి మెయిన్ రోడ్డెక్కింది. ట్రైలర్ ఇందాకటి కన్నా మూడు రెట్లు బరువుగా ఊగుతూ వస్తోంది. లోపల గ్యాసు సిలిండరు టంగుమంది. శనివారం కదా, సూర్యలంక రోడ్డు నిండా బైకులు, ఆటోలు, పిల్లల్ని భుజాలకెత్తుకున్న తండ్రులు. షుకూర్ సంచిని గట్టిగా పట్టుకున్నాడు.

"కాస్త ఆపమ్మా, కళ్ళజోడు మర్చిపోయా," అన్నాడు.

"మీ ముక్కు మీదే ఉందబ్బా."

కాసేపాగి, "మంచినీళ్ళు తాగాలి, ఎక్కడన్నా నెమ్మదిగా పక్కకి ఆపు," అన్నాడు.

"మీ చేతిలో సీసా ఉంది."

"ఇంత తొందరేంటి? మెల్లగా పోవచ్చుగా! మెల్లగా పో, ఇంకా మెల్లగా!"

ముబీనా తల తిప్పి వెనక్కి చూసింది. "అక్కా, మా అబ్బా భయపడుతున్నాడు, గెలిచేస్తానని. ముందు కొబ్బరిబోండాల కొట్టుంది చూడు, కాస్త స్పీడుగా పోయి అక్కడ గట్టిగా బ్రేకు వెయ్యి. ఆయన కళ్ళారా చూడాలి."

నాగజ్యోతి సరదా మనిషి. జీపు పరుగందుకుంది. కొట్టు ముందు జనం బోండాలు తాగుతూ నిలబడి ఉన్నారు. తల తిప్పి వాళ్ళనీ, ముందు సీట్లో కూతురి జడనీ చూసేసరికి, షుకూర్‌లో గంతులేస్తున్న పిల్లాడు చప్పున మాయమైపోయాడు.

"బ్రేకెయ్యమాకు! నూనె! నూనె రాశారు!" అని అరిచాడు.

వెనక నుంచి అంత గావుకేక వినపడితే ఎవరైనా ఏం చేస్తారో నాగజ్యోతీ అదే చేసింది. బ్రేకు తొక్కింది. జీపు చక్రాలు కీచుమన్నాయి. వెనక ట్రైలర్ డిస్కులు పసుపు నూనెలో సుఖంగా జారాయి. ట్రైలర్ బరువంతా వచ్చి జీపుని వెనక నుంచి నెట్టింది. జనం బోండాలు వదిలేసి అటూ ఇటూ దూకారు. జీపు నెమ్మదిగా, పెళ్ళికి వచ్చిన చుట్టంలా తోసుకుంటూ పోయి బోండాల కుప్పలో ముక్కు పెట్టి ఆగింది. కుప్ప జారిపోయి బోండాలన్నీ రోడ్డున పడి దొర్లాయి. కొన్ని పక్కనున్న కాలవలో పడి సముద్రం దారి పట్టాయి.

ఎవరికీ ఏమీ కాలేదు. కొట్టు ముత్తయ్య మాత్రం నడుం మీద చేతులేసుకుని, "ఏమ్మా, బోండాం కావాలంటే అడగొచ్చుగా!" అన్నాడు.

ముబీనా జీపు దిగింది. బంతిపూల దండ పక్కకి తీసి, కంతలోంచి వేలు పోనిచ్చి డిస్కుని తాకింది. వేలు పచ్చగా బయటికొచ్చింది. వాసన చూసింది. తండ్రి వైపు తిరిగింది.

"మీరు చూశారా?"

షుకూర్ తల దించుకున్నాడు. "చూడ్డమేంటి, గిన్నె నేనే పట్టుకున్నా."

అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బావుండేది. ఆ పిల్ల చక్రం పక్కన మట్టిలో చతికిలపడి కూర్చుంది. "డిస్కయితే కడగొచ్చు. దవడల్లో ప్యాడ్లు నూనె తాగేశాయి, అవి ఇక దేనికీ పనికిరావు. కొత్తవి నా దగ్గర లేవు. ఇట్టా ఎవరన్నా పసుపు రాస్తారని నేనెందుకు అనుకోలేదు? ఊరికే మెరుపు కోసం ఆ కంతలు పెట్టించా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీరే గెలిచారబ్బా. రేపట్నించి డ్రమ్ములు చేస్తాలే."

ఎన్నాళ్ళుగానో వినాలనుకున్న మాటే అది. వింటే షుకూర్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వైరు సంగతి చెప్పకుండా బిస్కెట్లు తిన్నప్పుడు అంత సరదాగా అనిపించింది, ఇప్పుడు ఆ సరదా ఎక్కడికి పోయిందో తెలీలేదు. ఇలాంటి గెలుపు ఎవడిక్కావాలని తన మీద తనకే మండింది. జీపులోంచి సంచి దింపి, పానాల అడుగు నుంచి పాత లుంగీ గుడ్డలో చుట్టిన పొట్లం తీసి కూతురి ఒళ్ళో పెట్టాడు.

ముబీనా విప్పి చూసింది. కొత్త ప్యాడ్లు. ఒక ప్యాడ్ తీసి బ్రేకు దవడకి ఆనించి చూసింది. కొలిచి చేయించినట్టు సరిపోయింది.

తల ఎత్తి తండ్రిని చూసింది. మెల్లగా మొహంలో పాత తుంటరితనం వచ్చి చేరింది.

"రేపల్లెలో మామయ్యకి జ్వరం తగ్గిందా అబ్బా?"

"ఊరుకోవే."

"డిస్కంటే గిట్టదు కదా, ఇవెందుకు కొన్నారు?"

"నీ బండి నడిరోడ్డున నిలబడిపోతే నలుగురూ నిన్ను నవ్వుతారని," అన్నాడు షుకూర్. "అది నేను చూడలేనే."

"నేను ఓడాలనేగా పందెం కాసింది?"

"పందెం వేరు, నువ్వు వేరు. ముందు ఆ చక్రం విప్పు, నేను ఇటుది విప్పుతా."

ముబీనా తన సంచిలోని థిన్నర్ పోసి పసుపంతా కడిగింది. ఇటువైపు బ్రేకు దవడని షుకూర్ వెనక్కి నొక్కి, పాత ప్యాడ్లు లాగి, కొత్తవి దూర్చి, కూతురి కన్నా ముందే నట్టు బిగించేశాడు. ఎక్కడా తడుముకోలేదు. ఈ పని ఆయన ఇంతకుముందు ఎక్కడ చేశాడో, షెడ్డులో తను లేనప్పుడు వీపు ఏ వైపు తిప్పి కూర్చునేవాడో ముబీనాకి అప్పుడు తెలిసింది. నాగజ్యోతి ఈలోగా పొయ్యి వెలిగించి ముత్తయ్యకి పునుగులు వేసింది. అవి తిన్నాక ఆయనే బోండాలు ఏరుకోవడానికి జనాన్ని పిలుచుకొచ్చాడు.

మెల్లగా వేసి వేసి బ్రేకుని దారికి తెచ్చుకుంటూ బయల్దేరారు. బీచికి ముందు రోడ్డు ఖాళీగా ఉన్నచోట, షుకూరే కేకేశాడు. "ఇప్పుడెయ్యి! గట్టిగా తొక్కు!" నాగజ్యోతి తొక్కింది. జీపు ఆగింది, ట్రైలర్ ఆగింది, గిన్నెలో పిండి చుక్క కూడా ఒలకలేదు.

"దారిలో తడబడింది కదా బాబాయ్, మరి పందెం?" అంది సాక్షిగా ఉన్న నాగజ్యోతి.

"తడబడింది బ్రేకు కాదు, నేను," అన్నాడు షుకూర్. ఆ సాయంత్రం ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, సముద్రం నీళ్ళు చక్రాలకి తగులుతుంటే చూస్తూ, అడిగిన ప్రతివాడికీ డిస్కు బ్రేకు ఎలా పనిచేస్తుందో వివరించి చెప్పాడు.

అయితే ఆయన ఒట్టినే లొంగే రకం కాదు. సోమవారం నాగజ్యోతిని ట్రైలర్‌తో తెనాలికి రప్పించి, బజారుకి పోయి స్టీలు మూతలు తెచ్చి, లోపలికి గాలి పోవడానికి అంచు చుట్టూ కంతలు కొట్టించి, ట్రైలర్ చక్రాలకి బిగించాడు. ఇప్పుడు పసుపు పూసినా, నూనె పోసినా అన్నీ మూత మీదే. పనయ్యాక చేతులు దులుపుకుని, "చూశావా, మూత పెట్టాం. మూతున్న బ్రేకుని ఏమంటారు? డ్రమ్మంటారు," అన్నాడు.

"మూతున్న డిస్కంటారు," అంది ముబీనా.

ఈ వాదన ఇంకా తెగలేదు. బోర్డు మాత్రం మారింది. 'ముబీనా బ్రేక్ వర్క్స్' అని పెద్ద అక్షరాలు, కింద 'డిస్కులు, డ్రమ్ములు, మూతలు' అని చిన్న అక్షరాలు. మూతలు అన్న మాట పెయింటర్ వద్దన్నా షుకూర్ పట్టుబట్టి రాయించాడు. బోర్డు ఎక్కించిన రోజు హుస్సేన్ బీ అందరికీ సేమ్యా వండింది, రేపల్లె తమ్ముడు ఏ జ్వరమూ లేకుండా వచ్చి మూడుసార్లు వడ్డించుకున్నాడు. బాపట్ల నుంచి నాగజ్యోతి, హైమావతి కూడా వచ్చారు. కొత్త బోర్డు ఇనప రేకు మీద ఉండటం చూసి హైమావతి చేతులు ఊరుకోలేదు. కూడా తెచ్చుకున్న గిన్నె బయటికి తీసింది.

"అన్నయ్యగారూ, నిచ్చెనెక్కి నాలుగు మూలలా రాసొస్తాను. ఈ గిన్నె కాస్త పట్టుకోండి."

షుకూర్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నిచ్చెన పట్టుకుంటానమ్మా. ఆ గిన్నె మాత్రం నన్నడక్కు."